కుంకుమ తుడిచిన కార్డు

మడి అంటే నాకు రోత. పెళ్ళయి ఒంగోలు వచ్చిన మొదటి నెలలోనే పుట్టింది ఆ రోత. మా అత్తగారు కోటేశ్వరమ్మగారు తడిచీరతో వంటింట్లో తిరుగుతూ ఉండేవారు. నేను గడప మీద కాలు పెడితే చాలు, "ముట్టుకోకు!" అని కేక. బిందె ముట్టుకోకు, పప్పు డబ్బా ముట్టుకోకు, దండెం మీద పంచె ముట్టుకోకు. నెలలో మూడు రోజులు నన్నే ఎవరూ ముట్టుకోకుండా వరండాలో చాప వేసేవారు. ఇంజనీరింగ్ చదివిన మనిషిని, నా కంచం నేనే కడిగి బోర్లించుకుని, దాని వంక చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని. ఇప్పటికి ఇరవై ఏళ్ళు.

అలాంటి నాకు ఆఫీసులో పెట్టిన పేరు మడి మేడమ్. వెనక అనుకుంటే పోనీలే అనుకోవచ్చు. ముందే అంటారు.

మాది తూకం కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ. కర్నూలు రోడ్డులో ఒక మేడ మీద మూడు గదులు, పన్నెండు మంది మనుషులు. కాటా ఇనుము ఎవరిదైనా కావచ్చు, లోపలి బుర్ర మాత్రం మాది. గుంటూరు నుంచి పొదిలి దాకా గోడౌన్లలో, పత్తి మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో మూడు వందల పైచిలుకు కాటాలు మేము చెప్పిన బరువునే చెబుతాయి. ఆ బరువును లెక్కగట్టే ముక్కను మేము లైబ్రరీ అంటాం. నేను లైబ్రరీ పని చేస్తున్నానంటే మా అత్తగారు చాలాకాలం పుస్తకాలకు అట్టలు వేస్తున్నాననుకున్నారు. నేనూ దిద్దలేదు.

ఆ లైబ్రరీ మా దగ్గరి నుంచే వచ్చిందనీ, దారిలో ఎవరూ వేలు పెట్టలేదనీ కాటాకు తెలియాలి. అందుకని దాని మీద మా సంతకం ఉంటుంది. సిరా సంతకం కాదు, అంకెల సంతకం. దానికి రెండు తాళపుచెవులు. ఒకటి బహిరంగం. అది ప్రతి కాటాలోనూ ఉంటుంది, సంతకం మాదా కాదా అని పోల్చి చూడటానికే పనికొస్తుంది. రెండోది రహస్యం. సంతకం పెట్టేది అదే. అది ఎవడి చేతిలో పడితే వాడు ఏం రాసినా మేము రాసినట్టే. కాటా పాపం నమ్ముతుంది. దానికి మనుషుల ముఖాలు చూసి పోల్చుకోవడం రాదు.

నేను చేరిన రోజున ఆ రహస్యం ఎక్కడుందో చెబితే మీకు కూడా అన్నం సయించదు. ప్రతి కుర్రాడి కంప్యూటర్‌లోనూ ఉంది. అందరూ వాడే ఫోల్డర్‌లో ఉంది. సినిమా పాటలున్న పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాని పాస్‌వర్డ్ ఒక పసుపుపచ్చ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించి ఉంది. ఆ చీటీ అంచు మీద బజ్జీ నూనె మరక. ఒకే తువ్వాలుతో పదిమంది ముఖాలు తుడుచుకుంటున్న ఇంట్లోకి వచ్చినట్టయింది నాకు.

నెల రోజుల్లో అదంతా కడిగేశాను. పాత తాళం జత పారేసి కొత్తది చేశాను. రాసేవాళ్ళకు బహిరంగమైనది మాత్రమే ఇచ్చాను. వాళ్ళు లైబ్రరీ తయారు చేసేటప్పుడు సంతకం ఉండవలసిన చోట ఖాళీ వదిలేస్తారు. ఆఫీసులో బల్ల మీది రెండు కాటాలకు మాత్రం "ఇది ఇంట్లో వంటే, సంతకం అడగొద్దు" అని చెప్పి పెట్టాం. వాటి మీద ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, చెరుపుకోవచ్చు, ఏడవచ్చు. అంతా సరిపోయాక, బయటికి పంపే ముందు ఒక్కసారి, ఆ ఖాళీలో నేను సంతకం పెడతాను.

రహస్యం ఉన్నది బ్యాంకు కార్డంత ఒక కార్డులో. దాని మీద బంగారు రంగు చిప్పు. కార్డు నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. దాని పిన్ నంబరు మా యజమాని నాగేంద్రబాబుగారి బుర్రలో ఉంటుంది. ఇద్దరం కలిస్తేనే సంతకం. బీరువాలో ఇంటర్నెట్ ముఖం ఎరగని ఒక పాత లాప్‌టాప్ ఉంది, ఆ పని దాని మీదే. పెట్టిన ప్రతి సంతకాన్నీ కార్డు తనలో తనే లెక్కపెట్టుకుంటుంది, ఆ లెక్కను ఎవరూ వెనక్కి తిప్పలేరు. నేను కూడా నా నోటుబుక్కులో రాసుకుంటాను. కిందటి సెప్టెంబరులో నేను రాసిన అంకె యాభై ఏడు.

"మీ అత్తగారి మడి కంటే మీ మడి ఎక్కువైపోయింది మేడమ్" అనేవాడు ప్రద్యుమ్న. మా కుర్రాళ్ళలో తెలివైనవాడు. పని నేర్పింది నేనే.

"మా అత్తగారి మడి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. దీనివల్ల ఉంది" అనేదాన్ని. ఎంత గర్వం నాకు!

ఎవరికి ఉపయోగమో కూడా ఊరూరా తిరిగి చెప్పాను. సంతకం సరిపోయిన కాటా తెర మీద మూలన పచ్చ గుర్తు వెలుగుతుంది. సరిపోకపోతే ఎర్రది వెలిగి కాటా ఆగిపోతుంది. పొదిలి దగ్గర ఒక ఊళ్ళో రైతులందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కాటాల చేతిలో మోసపోయి మోసపోయి ఉన్నవాళ్ళు, ఒక పట్టాన నమ్మరు. బుల్లయ్య అనే పెద్దాయన లేచి నిలబడ్డాడు. నాలుగెకరాల మిరప, అందులో రెండెకరాలు కౌలు.

"ఆ పచ్చ బొట్టు ఎవరు పెడతారమ్మా?"

"నేనే పెడతాను."

"నువ్వే? నీ చేత్తో?"

"నా చేత్తోనే. అది కనబడితే ఆ కాటా నిజం చెబుతున్నట్టే. పూచీ నాది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే సరే, ఆడబిడ్డవి, పూచీ అంటున్నావు" అని కూర్చున్నాడు. చప్పట్లేమీ కొట్టలేదు. ఆ కూర్చోవడమే నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఇక దసరా సంగతి. మా ఆఫీసులో మహర్నవమి నాడు ఆయుధ పూజ. అమ్మవారి పటం ముందు ఇరవై కిలోల రాళ్ళు, స్క్రూడ్రైవర్లు, అందరి లాప్‌టాప్‌లూ పేర్చి బొట్లు పెడతారు. మర్నాడు విజయదశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. స్క్రూ ఊడిపోయినా, ప్రాణం పోయినా సరే ముట్టుకోరు. ఆ ఒక్క రోజూ ఒంగోలులో మెకానిక్ దొరకడు.

"అన్నిటికీ పూజ చేసి అసలుదానికి చేయకపోతే ఎట్టాగండీ రచనగారూ?" అన్నారు నాగేంద్రబాబుగారు. "కంపెనీకి ప్రాణం ఆ కార్డు. ఏడాదికోసారన్నా అమ్మవారి పాదాల దగ్గర పెట్టొద్దా?"

నేను పెట్టనన్నాను. అందరూ నా వైపు చూశారు. దేవుడంటే గిట్టని మనిషిని చూసినట్టు చూశారు. సరే, ఎంత మడి మేడమ్‌నైనా పండగపూట చెడ్డదాన్ని కావడం ఎందుకని కార్డు తీసి పళ్ళెంలో పెట్టాను. ఆయన ఉంగరపు వేలితో కుంకుమ తీసి, సరిగ్గా ఆ బంగారు చిప్పు మీదే ఇంత బొట్టు పెట్టారు.

"అక్కడ కాదండీ బాబూ, చిప్పు పాడవుతుంది!"

"అమ్మవారి కుంకుమకి పాడయ్యేదేమీ ఉండదండీ."

ఉద్వాసన అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు కదా అని నేను ఇంటికి వెళ్ళిపోయాను. గమనించండి, ఆ మాట నేనే అనుకున్నాను. మడి అంటే రోతపడే నేను, ముట్టుకోకూడదన్న మాటను తాళంకప్ప అనుకుని, దాని మీద భారం వేసి, ఇంటికెళ్ళి పులిహోర తిన్నాను.

మర్నాడు వచ్చి కార్డు తీసుకుంటే చిప్పు తళతళా మెరుస్తోంది. బొట్టు లేదు. స్క్రూడ్రైవర్ల మీద ఉంది, రాళ్ళ మీద ఉంది, నా లాప్‌టాప్ మూత మీద గడ్డకట్టి ఉంది. కార్డు మీద లేదు. 'పోనీలే, ఎవరో తుడిచి పుణ్యం కట్టుకున్నారు' అనుకుని బ్యాగులో వేసుకున్నాను. పంటలు వచ్చే కాలంలో కాటాల జోలికి వెళ్ళం మేము. దసరా నుంచి ఉగాది దాకా కొత్త లైబ్రరీ పంపం, సంతకం అవసరం రాదు. కాబట్టి ఆ కార్డును మళ్ళీ లాప్‌టాప్‌లో పెట్టి చూడనేలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, పది కాకముందే, మా మెట్ల మీద దబ్ దబ్ మని చప్పుడు. ఆ వెనకే ఘాటు. పన్నెండుమందీ ఒక్కసారిగా తుమ్మడం మొదలుపెట్టారు. బుల్లయ్యగారు ఆటోవాడి సాయంతో మిర్చి టిక్కీ, అంటే కాయలు కుక్కిన గోనెబస్తా, ఒకటి మెట్లెక్కించి, గుమ్మంలో పడేసి, తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటున్నారు.

"ఏదమ్మా, పచ్చ బొట్టు పెట్టే ఆడబిడ్డ యాడ?"

"నేనే బుల్లయ్యగారూ. ఏమైంది?"

"ఏమైందో నువ్వే చెప్పాల. దీన్ని మా ఊళ్ళో పాత తక్కెడ మీద రాళ్ళేసి తూశా. సరిగ్గా నలభై అయిదు. వినుకొండ రోడ్డులో గోడౌను కాటా మీద పెడితే నలభై నాలుగూ చిల్లర. పచ్చ బొట్టు వెలుగుతానే ఉంది! ఒక్క టిక్కీ అయితే నా కళ్ళు మసకలే అనుకుందును. పది టిక్కీలు తూయించా. పదింటికీ అంతే. ఇంకా నలభై టిక్కీలు కల్లంలో ఉన్నయ్. రేపు తెమ్మన్నారు. తేవాల్నా, వద్దా?"

"మీ తక్కెడే తప్పు చెబుతోందేమో" అన్నాను. నోరు జారి కాదు. నిజంగా అదే అనుకున్నాను. నా సంతకం కంటే తుప్పుపట్టిన తక్కెడ ఎక్కువా అనుకున్నాను.

ఆయన టిక్కీ వైపు చెయ్యి చూపించారంతే. ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని ఎత్తి బల్ల పక్కనున్న మా కాటా మీద పెట్టారు. అంకెలు కదిలి కదిలి ఆగాయి. నలభై అయిదు.

నా ముఖంలో ఏం కనిపించిందో గానీ, "కూర్చోమ్మా, మంచినీళ్ళు తాగు" అన్నారు బుల్లయ్యగారు, నా ఆఫీసులో నాకే.

వెంటనే ఆ టిక్కీ వేసుకుని ఆయనతో కలిసి వినుకొండ దారి పట్టాను. గోడౌనులో కాటా మా కాటాయే, గుర్తు పచ్చగానే ఉంది. పరీక్ష రాయి పెట్టాను. ఇరవై కిలోల రాయి ఇరవై అనే చూపించింది. రెండు రాళ్ళు పెడితే నలభై. అబ్బ, సరిగ్గానే ఉందే అనుకున్నాను. తర్వాత బుల్లయ్యగారి టిక్కీ పెట్టాను. నలభై నాలుగు కిలోల నూరు గ్రాములు. నలభైకి పైన బరువు పడ్డప్పుడు మాత్రమే, అంటే టిక్కీ పడ్డప్పుడు మాత్రమే, తొమ్మిది వందల గ్రాములు మింగుతోంది. తనిఖీవాళ్ళ రాళ్ళకు నీతులు చెబుతుంది, రైతు బస్తా దగ్గర నోరు తెరుస్తుంది. అంత తెలివైన దొంగతనం ఎవరో వీధిలో పోయే దొంగ చేయలేడు. కాటా లోపలి మనసు తెలిసినవాడే చేయాలి.

కాటాలోని లైబ్రరీని పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుని ఆఫీసుకు వచ్చాను. విప్పి చూశాను. మేము పంపిన వాటిలో అది లేదు. కానీ దాని మీది సంతకం మాదే, అణువణువూ సరిపోయింది. దాని కింద తేదీ మహర్నవమి.

బీరువా తీసి, పాత లాప్‌టాప్ బయటికి లాగి, కార్డు పెట్టాను. లెక్క చూడటానికి పిన్ అక్కర్లేదు.

యాభై ఎనిమిది.

నా నోటుబుక్కులో యాభై ఏడు. దాన్ని మూడుసార్లు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, తళతళలాడిన చిప్పు. కుంకుమ ఉంటే కార్డు చదవదు. పుణ్యం కట్టుకోవడానికి తుడవలేదు, పని జరగడానికి తుడిచారు.

ప్రద్యుమ్నను పిలిచి తెర చూపించాను. వాడి ముఖం పాలిపోతుందనుకున్నాను. పాలిపోలేదు.

"అది చిన్న సెట్టింగ్ మేడమ్. సార్ అడిగితే రాశాను. బల్ల మీది కాటాలోనే టెస్ట్ చేశాను. నేనేమీ సంతకం పెట్టలేదు కదా."

"సంతకం లేకపోతే అది బయటికి పోదని తెలుసు కదరా నీకు?"

"అదే మేడమ్, పోదనే కదా రాశాను. మీరుండగా ఎట్టా పోతుంది అనుకున్నాను."

నన్ను అడ్డం పెట్టుకుని రాశాడట! నేను కట్టిన గోడ ఉంది కాబట్టి ఇవతల ఎంత చెత్త పోసినా ఫరవాలేదనుకున్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి పని నేర్పిన రోజులు గుర్తొచ్చి, ఆ చెయ్యి చీర కొంగుకు తుడుచుకున్నాను. వాడు చూశాడు. చూడనీ.

నాగేంద్రబాబుగారు తన గదిలో బజ్జీలు తింటున్నారు. చేతికి నూనె అంటితే పక్కనున్న కాటా పరీక్ష రిపోర్టు కాగితానికి రాసుకుంటున్నారు. ఆ కాగితం మీద కింద నా సంతకం ఉంది, సిరాది.

"నవమి నాడు కార్డు తీశారా?" అన్నాను.

ఆయన బుకాయించలేదు. బుకాయిస్తే కొంచెం గౌరవంగా ఉండేది.

"తీశానండీ. అమ్మవారికి దణ్ణం పెట్టుకునే తీశాను. మళ్ళీ అక్కడే పెట్టేశాను, ఉద్వాసనకి ముందే. ఆ గోడౌను ఆసామి మనకి ఎనభై కాటాల ఆర్డరు ఇచ్చేవాడు. ఏం అడిగాడని? తరుగు అడిగాడు. గోనె బరువు, దుమ్ము, తేమ. మార్కెట్లో అందరూ తీసేదే కదా! చేత్తో తీస్తే తప్పు లేదు, మిషన్ తీస్తే తప్పా?"

"చేత్తో తీసేవాడితో రైతు పోట్లాడతాడు. కాలరు పట్టుకుంటాడు. వంద గ్రాములైనా వెనక్కి లాక్కుంటాడు. ఇది తీస్తుంటే ఎవరితో పోట్లాడాలి? పచ్చ గుర్తుతోనా?"

"అబ్బా, మీరు మరీనండీ. మీ మడి మీరు కాపాడుకున్నారుగా. సంతకం చేసింది నేను. మీకేం అంటింది?"

ఛీ! అంతకంటే అసహ్యమైన మాట నా జన్మలో వినలేదు. వరండాలో చాప మీద కూర్చున్నప్పుడు కూడా ఇంత మైలగా అనిపించలేదు. కుర్రాడు రాశాడంతే. యజమాని మీట నొక్కాడంతే. గోడౌను ఆసామి కాటా పెట్టాడంతే. నేనేమో కార్డు పళ్ళెంలో పెట్టానంతే. అందరి చేతులూ శుభ్రం. బుల్లయ్యగారి టిక్కీలో మాత్రం తొమ్మిది వందల గ్రాములు లేవు.

దీనికి మందు ఒకటుంది. కొత్త తాళం చేసిన మొదటి రోజే "ఈ తాళం ఇక చెల్లదు" అని దాని చేతే ఒక రద్దు పత్రం రాయించి విడిగా దాచాను. దాన్ని మా సర్వర్‌లో పెడితే చాలు. ప్రతి కాటా గంటకోసారి సర్వర్‌ను పలకరిస్తుంది. పలకరించిన మరుక్షణం గుర్తు ఎర్రగా మారి ఆగిపోతుంది. అన్నీ ఆగిపోతాయి. ఆ గోడౌనువే కాదు, మూడు వందల కాటాలూ. మిర్చి ముమ్మరంగా దిగుతున్న ఫిబ్రవరిలో. కొత్త తాళం చేసి, ఒక్కో కాటా దగ్గరికీ మనిషి వెళ్ళి మార్చి వచ్చేసరికి పది రోజులు. అన్ని రోజులూ ఎందరు రైతులు బస్తాల మీద కూర్చుని నన్ను తిడతారో నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని కూడా తెలుసు. కానీ రద్దు చేయకపోతే మూడు వందల కాటాల్లో ఏది నిజం చెబుతోందో ఇక ఎవరూ చెప్పలేరు. నేను పూచీ పడ్డ గుర్తు రేపు పొద్దున బుల్లయ్యగారి నలభై టిక్కీల మీద మళ్ళీ వెలుగుతుంది.

ఆ రద్దు పత్రం ఎక్కడ దాచానో చెప్పాలంటే సిగ్గు. బ్యాంకు లాకర్‌లో కాదు. మా ఇంట్లో, దేవుడి గదిలో, మా అత్తగారి మడిబట్టల పెట్టెలో. ఆరేళ్ళ కిందట ఆవిడ చేతికే ఇచ్చి, "దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాను. "నా పెట్టె జోలికి ఎవరొస్తారే" అని ఆవిడ పట్టుపంచెల మడతలో పెట్టుకున్నారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి పెట్టె వైపు నడుస్తుంటే, "ఆగు" అన్నారు. "స్నానం చేసి రా."

వేరే రోజైతే ఇల్లు లేచిపోయేది. ఆ రోజు మాట్లాడకుండా వెళ్ళి నాలుగు చెంబులు నెత్తిన గుమ్మరించుకుని వచ్చాను. నాకూ చేయాలనిపించింది. ఆవిడ వింతగా చూసి, పెట్టె తెరిచి, మడతలోంచి ఆ పెన్‌డ్రైవ్ తీసి, పైనుంచి నా అరచేతిలో పడేశారు. పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడకు జరిగినదంతా చెప్పాను. దసరా పళ్ళెం సంగతి కూడా దాచలేదు.

"అమ్మవారి ముందున్నది ఉద్వాసన చెప్పకుండా ఎవరు ముట్టుకుంటారనుకున్నానత్తయ్యా."

ఆవిడ పెట్టె మూత వేసి నిదానంగా అన్నారు. "నన్ను చూసి ఇన్నేళ్ళూ ముక్కు విరిచావు గానీ మడి అంటే ఏమిటో నీకు తెలీదే. ముట్టుకోవద్దని చెప్పేస్తే మడి అయిపోదు. నేను మడివంట పొయ్యి మీద పెట్టి ఎప్పుడైనా లేచి వెళ్ళానా? పిల్లి వస్తుంది, పిల్లాడు వస్తాడు, నువ్వు వస్తావు. గడప కేసి కళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. నువ్వు పళ్ళెంలో పెట్టి ఇంటికొచ్చి పులిహోర తిన్నావు."

ఆవిడ మీద నాకున్న కోపంలో చిన్నమెత్తు తగ్గలేదు. వరండా చాపను నేను మరిచిపోను. కానీ ఆ మాట మాత్రం నిజం, దాన్ని మింగక తప్పలేదు.

మర్నాడు తెల్లవారగానే మొదట తూనికలు కొలతల శాఖకు ఉత్తరం రాశాను, నా తప్పుతో సహా. తర్వాత లాప్‌టాప్ పట్టుకుని వినుకొండ బస్సెక్కాను. ఆఫీసులో కూర్చుని కూడా చేయవచ్చు. కానీ పచ్చ గుర్తు నేనే పెడతానని ఎదురుగా నిలబడి చెప్పినదాన్ని, అది ఆరిపోయేటప్పుడు కూడా ఎదురుగానే ఉండాలనిపించింది.

గోడౌను ముందు నలభై, యాభై ట్రాక్టర్లు, ఆటోలు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. బుల్లయ్యగారు తన టిక్కీల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నారు. నన్ను చూసి దిగారు.

"తేవాల్నా వద్దా అంటే నువ్వేం చెప్పలా. ట్రాక్టరోడు మళ్ళీ దొరకడని తెచ్చా. ఏం తేలింది?"

"మీ తక్కెడే నిజం. కాటా అబద్ధం."

"మరి పచ్చ బొట్టు?"

"అదీ అబద్ధమే."

"నువ్వే కదమ్మా పెడతానంది?"

"నేను పెట్టలేదు. కానీ పెట్టే వస్తువును నేనే కాపలా లేకుండా వదిలేసి వెళ్ళాను."

ఆయన బీడీ కింద పడేసి చెప్పుతో నలిపారు. తిట్టినా బాగుండేది.

అక్కడే ఒక టిక్కీ మీద లాప్‌టాప్ పెట్టి రద్దు పత్రాన్ని సర్వర్‌లోకి ఎక్కించాను. ముప్పావు గంట పట్టింది కాటా పలకరించడానికి. ఆ ముప్పావు గంటలో పదకొండు టిక్కీలు తూగాయి, ఒక్కొక్కటీ తొమ్మిది వందల గ్రాములు నష్టపోతూ. ఆ రైతులకు ఆగండయ్యా, కాటాలో మోసముందని చెప్పాను. "జరుగమ్మా, పొద్దెక్కుతోంది, పచ్చగానే ఉందిగా" అన్నాడు ఒకాయన. అంత బాగా నేర్పాను నేను.

అప్పుడు ఎర్రబడింది. తెర మీద అంకెలు ఆరిపోయాయి. హమాలీ బస్తా కాటా మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. జనం మూగారు. గోడౌను గుమస్తా ఫోన్లు మొదలుపెట్టాడు. నా ఫోన్ కూడా మోగసాగింది, నాగేంద్రబాబుగారు. ఒకసారి, రెండుసార్లు, ఎనిమిదిసార్లు. ఎత్తలేదు. ఆ గొంతులో బజ్జీ వాసన కూడా వినిపిస్తుందనిపించింది.

ఈసారి నా మాట విన్నారు. విన్నాక వాళ్ళన్న మాటలు ఇక్కడ రాయను. అందులో సగం గోడౌనుకు, సగం నాకు. రెండూ న్యాయమే. చివరికి బుల్లయ్యగారు తలగుడ్డ బిగించి కేకేశారు.

"ఒరేయ్, అరుచుకుంటా కూచుంటే కాయలు ఎండిపోతయ్! మా ఊరికి ఫోన్ కొట్టి తక్కెడ తెప్పించండ్రా. రాళ్ళేసి తూద్దాం. గోడౌనోడు అది ఒప్పుకుంటే కొంటాడు, లేకపోతే పోతాడు."

మధ్యాహ్నానికి ఆటోలో తక్కెడ వచ్చింది. పాతది, మనిషెత్తు దూలం, గొలుసులకు తుప్పు. గోడౌను గేటు పక్క వేపచెట్టు కొమ్మకు కట్టారు. ఒక పళ్ళెంలో టిక్కీ ఎక్కింది. రెండో పళ్ళెంలోకి రాళ్ళు కావాలి. అవి నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను చీర కొంగు దోపుకుని వంగి, అయిదు కిలోల రాయి మీద చెయ్యి వేయబోయాను.

"నువ్వు ముట్టుకోమాకమ్మా" అన్నారు బుల్లయ్యగారు.

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. తనే వచ్చి రాయి అందుకుని, "అట్టా పక్కన నిలబడు" అన్నారు.

నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వింటున్నాను. అన్నవాళ్ళ మీద కోపం రాకపోవడం ఇదే మొదటిసారి.